కోతమిల్లు ఆగిన రోజు

మా ఇంటి వెనక గోడకు ఆనుకొనే కట్టెకోత మిల్లు ఉంది. బాపు రిటైరయ్యాక బొగ్గు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, గోదావరిఖని అంచున ఈ చిన్న ఇల్లు కట్టుకున్నాం. అమ్మకు ఈ జాగా మొదటినుంచీ నచ్చలేదు. రంపం చప్పుడుకు ప్రార్థనలో కూడా మనసు నిలవదని సణిగేది. పొట్టు గాలికి లేచి వచ్చి ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని కూర మీద, నా పుస్తకాల మీద పడేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు మాకు వినిపించడం మానేసింది. కరెంటు పోయి రంపం ఆగినప్పుడు మాత్రం ముగ్గురం ఒక్కసారి తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం.

కిందటేడు ఎండాకాలం మొదట్లో మిల్లులో బోరు ఎండిపోయింది. లోపల రేకుల షెడ్డులో ఉండే ఆడవాళ్లు బిందెలతో మా నల్లా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఒకరు వెళ్లాక ఒకరు వచ్చేవారు. వాళ్లలో ఒకామె నా ఈడుది. ప్రాణహిత నది అవతలి ఊరు, వేరే రాష్ట్రం. తెలుగే మాట్లాడేది కానీ మాట చివర కొంచెం సాగదీసేది. తొలిచూలు, ఆరో నెల. నిండు బిందె ఎత్తుకోబోతే అమ్మ ఆమె చేతిలోంచి లాక్కొని సగం నీళ్లు గచ్చు మీద ఒంపేసేది.

"అవ్వా, సగం బిందె కొంచబోతె నేను మళ్ల రావాలె గదా."

"రా. వచ్చి కాసేపు కూసో. మా నల్లా ఏమన్న పారిపోతదా?"

ఆమె నిజంగానే కూర్చునేది. నేను బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తాను. దరఖాస్తులు టైపు చేయడం, ఆన్‌లైన్‌లో పెట్టడం నా పని. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి ఆమె మా మెట్ల మీద, తలుపు నీడలో కాళ్లు చాపుకొని ఉండేది. కొత్తవాళ్లతో మాట కలపడం నాకు చేతకాదు. ఆమెకు అది అడ్డం కాలేదు. నా కంచంలో ఏముందో తొంగి చూసి, "అక్కా, పచ్చిపులుసుల ఉల్లిగడ్డ తక్కువైంది" అనేది. అమ్మ లోపలినుంచి, "వండిపెట్టుడు నేను, వంకలు పెట్టుడు మీరు" అని కేకేసేది.

ఈస్టర్ వస్తోందనగా అమ్మ ఆమెను భోజనానికి పిలిచింది.

"పండుగనాడు మీ ఆయన్ని తోలుకొని రా పిల్లా. కోడికూర వండుత."

"నేనొస్త అవ్వా. ఆయనకు గిన్నెల పెట్టియ్యి, కొంచబోత."

"ఏం, మా ఇంటికి రానంటడా? సిగ్గా? మా పిల్ల సిగ్గు ఒక్కటి చాలదా ఈ ఇంటికి?"

ఆమె నావైపు చూసి నవ్వింది. "సిగ్గు కాదవ్వా. ఇద్దరం ఒక్కసారే గేటు దాటొద్దు."

"ఎవరన్నరు?"

"సేటు. నేను బయటికొస్తే మా ఆయన లోపలుండాలె. ఆయనొస్తే నేనుండాలె. అందరిదీ గట్లనే."

నల్లా ఏ వేళకు వస్తుందో చెప్పినట్టు మామూలుగా చెప్పింది. అమ్మ మాత్రం చీపురు పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

తర్వాత కొద్దికొద్దిగా మిగతాది తెలిసింది. పోయిన వానాకాలం తర్వాత మిల్లు మేస్త్రి వాళ్ల ఊరికి వెళ్లి, ముందుగా కొంత అడ్వాన్స్ ఇచ్చి, నాలుగైదు జంటలను లారీలో తెచ్చాడు. ఒక్క సీజను పని అన్నాడు. దిగిన రోజే మిల్లు యజమాని సేటు అందరి ఆధార్ కార్డులూ ఫోన్లూ తీసుకొని బీరువాలో పెట్టాడు. పోగొట్టుకుంటారని, తన దగ్గరైతే భద్రంగా ఉంటాయని చెప్పాడట. సీజను అయిపోయింది. జామాయిల్ దుంగల లారీలు వస్తూనే ఉన్నాయి. అడిగినప్పుడల్లా ఈ ఆర్డరు కానీయండి అంటున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. అన్నానికి బియ్యం ఇస్తున్నాడు. వెళ్లనివ్వడం లేదు, అంతే.

ఆమెకు కావలసింది ఒక్కటే. కాన్పుకు తల్లిగారింటికి పోవాలి. మా బస్టాండులో పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చేరే ఊరు. ఏడో నెల పడగానే తల్లి వచ్చి ఒడిబియ్యం పోసి తీసుకుపోవడం వాళ్ల వైపూ ఉంది, మా వైపూ ఉంది. అమ్మ ఫోను నుంచి ఆమె తన తల్లితో మాట్లాడింది. ఆ తల్లి అన్నట్టుగానే వచ్చింది. చేతిలో ఒక సంచి, అందులో కొత్త చీర, గాజులు, బియ్యం.

ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. గేటు దగ్గర సేటు ఆ తల్లితో మర్యాదగానే మాట్లాడాడట. బిడ్డను చూసిపో, తీసుకుపోవడం మాత్రం వానలు పడ్డాకే అన్నాడట. చూడటానికి లోపలికి రానివ్వలేదు. కాబట్టి తల్లీ కూతుళ్లు మా నల్లా దగ్గర కలుసుకున్నారు. ఒడిబియ్యం మా ఇంట్లోనే, మా చాప మీద పోశారు. మేం చర్చికి పోయేవాళ్లం కాబట్టి, ఎలా చేయాలో మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. తల్లి చెబుతుంటే అమ్మ పసుపు కలిపింది. గాజులు తొడుగుతున్నంతసేపు ఆ తల్లి, "గింత సన్నబడ్డయేందే చేతులు" అని ఒకే మాట అంటూ ఉంది. సాయంత్రం ఆ తల్లి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని ఒక్కతే బస్సెక్కింది.

ఆ రాత్రి బాపు అన్నం సరిగా తినలేదు.

బాపు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా పనిచేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దిమ్మలు నిలబెట్టడం ఆయన పని. జీవితమంతా అదే చేసి, నడుము నొప్పీ, కాస్త దగ్గూ మిగుల్చుకొని ఇంటికి వచ్చాడు. మిల్లు మీద ఆయనకు మొదట్లో అభిమానమే ఉండేది. కోసిన కట్టె వాసనకు గోడ దగ్గర కుర్చీ వేసుకునేవాడు. లోపలి మగవాళ్లు బీడీ తాగడానికి గోడ పక్కకు వస్తే వాళ్లతో ముచ్చట పెట్టేవాడు. ఆమె భర్తతో పరిచయం కూడా గోడ మీదుగానే.

"అప్లికేషను పెడదాం బాపూ" అన్నాను. షాపులో రోజూ ఎవరివో ఒకరివి పెడుతూనే ఉంటాను కదా. మనిషిని అడ్వాన్సుకు కట్టేయడం నేరమని చదివాను కూడా.

"అప్లికేషను పైకి పోయి కిందికొచ్చే వరకు ఆ పిల్లకు పిల్ల పుట్టి బడికి పోతది" అన్నాడు బాపు. "రంపం ఆపుమని చెప్తున్న వాళ్లకు. చక్రం ఆగితె సేటు ఉరుక్కుంట వస్తడు."

ఆయనకు తెలిసిన పద్ధతి అది. ఒకసారి వాళ్ల బాయికి పచ్చికట్టె దిమ్మలు వచ్చాయట. బరువు పడితే వంగిపోయే రకం. టింబర్‌మన్లందరూ మస్టర్‌లో హాజరు వేసుకొని, తలకు లైట్లు పెట్టుకొని, కిందికి దిగకుండా బాయి మీద కూర్చున్నారు. షిఫ్టు దాటకముందే మేనేజరు వచ్చి, వాళ్ల మధ్యనే స్టూలు వేసుకొని, అందరి ముందు మాటిచ్చాడు. తర్వాతి లారీలో మంచి కట్టె వచ్చింది. ఈ కథ నేను చిన్నప్పటినుంచి విన్నాను. చెప్పేటప్పుడు ప్రతిసారీ బాపు వీపు నిటారుగా అయ్యేది.

గోడ అవతల ఆమె భర్త అడిగాడట, "కాకా, మేం గట్ల కూసుంటే నడుస్తదా?"

"ఎందుకు నడ్వది? నువ్వు పనిచెయ్యక సేటు చేస్తడా ఆ దుంగలు మోసుడు? అందరు ఒక్కమాట మీదుండుండ్రి. కొట్లాడకుండ్రి, తిట్టకుండ్రి. ఊకె కూసుండ్రి."

నేను బాపుతో వాదించలేదు. నా ఆలోచన మానుకోనూ లేదు. సెలవు అడిగే ధైర్యం తెచ్చుకోవడానికే రెండు రోజులు పట్టింది. మూడో రోజు షాపు ఓనరుకు చెప్పి, దరఖాస్తు రాసుకొని పెద్దపల్లిలో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాను. ఆఫీసరుకు ఏం చెప్పాలో ముందురోజే డైరీలో వరుసగా రాసుకున్నాను. బస్సులో పెదవులు కదిలిస్తూ చదువుకున్నాను. పక్కన కూర్చున్న ముసలామె, "పరీక్షనా బిడ్డా?" అని అడిగింది. అవునన్నాను.

ఆఫీసరు ఒక మేడం. నేను రాసుకున్నదాంట్లో సగం కూడా చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

"గేటుకు తాళం ఉంటుందా?"

"పగలు ఉండదు మేడం."

"తాళం ఉందా లేదా అన్నది పెద్ద విషయం కాదమ్మా. వెళ్తానంటే వెళ్లనిస్తున్నాడా? అదీ చూసేది. కార్డులు ఎవరి దగ్గరున్నాయి?"

"సేటు దగ్గర."

ఆమె నా కాగితం రెండుసార్లు చదివింది. రెవెన్యూ వాళ్లనూ పోలీసులనూ వెంటబెట్టుకొని రావాలని, రేపు కానీ ఎల్లుండి కానీ వస్తామని చెప్పింది. లేచి వస్తుంటే మళ్లీ పిలిచింది. "ఎవరికీ చెప్పొద్దు. మేం వస్తున్నామని తెలిసినా, లోపల చిన్న గొడవ జరిగినా, మనుషుల్ని ముందే ఎక్కడికో పంపేస్తారు. తర్వాత వెతకడం చాలా కష్టం. అర్థమైందా?"

అర్థమైందన్నాను. తిరిగి వచ్చేటప్పుడు నాకు చాలా రోజుల తర్వాత తేలికగా అనిపించింది. కొత్త మనిషి ముందు నిలబడి మాట్లాడగలిగాను. ఆమె విన్నది. గోదావరిఖనిలో బస్సు దిగి, ఆటో దిగి, మా వీధిలోకి నడిచాను. మలుపులో ఎవరింట్లోనో టీవీలో వార్తలు చదువుతున్నారు. ఒక్కో మాటా స్పష్టంగా వినిపించింది. ఎప్పుడూ అలా వినిపించదు. నాలుగడుగులు వేశాక ఎందుకో తెలిసింది. రంపం ఆగిపోయింది. వీధిలో అన్నిళ్లలోనూ కరెంటు ఉంది.

మిల్లు గేటు దగ్గరికి పరుగెత్తినట్టే వెళ్లాను. ఆడా మగా అందరూ దుంగల మీద వరసగా కూర్చున్నారు. గేటు బయట బాపు, ఆయనతో పాటు రిటైరైన ఇద్దరు దోస్తులు కుర్చీలు వేసుకున్నారు. ఆమె ఒక చిన్న దుంగకు వీపు ఆనించి, కడుపు మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది. అంత తీరికగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"బాపూ, ఇంటికి రా. ఒక మాట చెప్పాలె" అన్నాను.

"ఇంటికెందుకు, ఇక్కడే చెప్పు. ఇయ్యాల అందరి ముందటనే మాట్లాడే రోజు" అన్నాడు. ఆయన మొహం వెలుగుతోంది. నేను చెప్పలేకపోయాను. చెప్పవద్దని మేడం అన్న మాట ఇంకా చెవిలో ఉంది. చెప్పినా రంపం ఆగనే ఆగింది.

అంతలో సేటు కారు వచ్చింది. నేను భయపడినట్టు ఆయన అరవలేదు. ఖద్దరు చొక్కా వేసుకున్న, నెమ్మదైన మనిషి. అందరినీ ఒకసారి చూసి, అక్కడే ఒక దుంగ మీద కూర్చున్నాడు.

"ఏం సేటూ, ఇయ్యాల మీ రంపానికి ఉపవాసమా?" అన్నాడు బాపు దోస్తు. కూర్చున్నవాళ్లు నవ్వారు. సేటు కూడా నవ్వాడు.

"అన్నా, మీరు పెద్దమనుషులు. నాతోని ఒక్కమాట అంటె అయిపోవు గదా. గింత ఎండల కూసునుడెందుకు?" అని, మేస్త్రిని పంపి అందరికీ టీ తెప్పించాడు. గ్లాసులు అందాక అడిగాడు, "చెప్పుండ్రి. ఏం గావాలె?"

ఆమె భర్త లేచి నిలబడ్డాడు. "ఇంటికి పోతం సేటూ. ఆమెకు నెలలు దగ్గరబడ్డయి. అందరం పోతం."

"గంతేనా? రేపు పొద్దుగాల నా లారీలనే తోలిస్త. అందర్ని మీ ఊర్లనే దింపుతడు డ్రైవరు. సరేనా అన్నా?"

బాపు తన పక్కనున్న దోస్తుల వైపు చూశాడు. తర్వాత లోపలివాళ్ల వైపు తిరిగి, "విన్నరు గదా, అందరి ముందట అన్నడు" అన్నాడు. 

"కార్డులు ఇప్పుడే ఇవ్వండి" అన్నాను.

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, సేటు చెయ్యి చెవి దగ్గర పెట్టి, "ఏమన్నవ్ బిడ్డా?" అని అడిగాడు. మళ్లీ అన్నాను.

"కార్డులు వాళ్ల ఊర్లున్న మా మనిషి దగ్గరికి పంపిన. అక్కడ దిగంగనే చేతిల పెడ్తడు."

"నీ బిడ్డ వకీలు లెక్క అడుగుతున్నదిరా" అని బాపు దోస్తు ఆయన భుజం తట్టాడు. మళ్లీ నవ్వారు. బాపు నావైపు చూసి, ఇక చాలన్నట్టు కళ్లతో సైగ చేశాడు.

ఇంటికి వచ్చాక పెద్దపల్లి సంగతి చెప్పాను. బాపు విని, కోప్పడలేదు. "మంచి పనే చేసినవ్. కానీ అయిపోయింది గదా. అంతమంది ముందట ఒప్పుకున్నడు. ఇంకేం గావాలె?" అన్నాడు. మేడంకు ఫోన్ చేశాను. వాళ్లను ఆయన లారీ ఎక్కనివ్వొద్దు, ఎట్లాగైనా రేపు మధ్యాహ్నం వరకు ఆపండి, నేను వస్తున్నాను అంది.

పొద్దున్నే ఆమె బిందె లేకుండా మా ఇంటికి వచ్చింది. చెప్పిపోవడానికి. కొత్త చీర కట్టుకుంది.

"మధ్యాహ్నం దాక ఆగు" అన్నాను. "ఆఫీసరు మేడం వస్తది. కార్డులు ఇప్పిస్తది. బస్సులనే పంపిస్తది."

"ఆగుమంటవా అక్కా?" అంది. నేను ఏదో వింతమాట అన్నట్టు చూసింది. "ఇంటికి పోతున్న నేను."

"ఆ లారీ..."

"లారీల్నే గదా వచ్చినం. తొవ్వ తెలుసు వాళ్లకు." నా చెయ్యి పట్టుకొని ఊపింది. "నాకు పిల్ల పుట్టినంక నువ్వు రావాలె మా ఊరికి. ఆడ గోదారి, ప్రాణహిత రెండు కలుస్తయి. చూపిస్త."

అమ్మ పెరుగన్నం, మామిడికాయ తొక్కు డబ్బాలో పెట్టి ఇచ్చింది. లారీ వచ్చింది. బాపు దగ్గరుండి అందరి మూటలూ ఎక్కించాడు. ఆమెను వెనక ఎక్కనివ్వకుండా ముందు సీట్లో కూర్చోబెట్టమని పట్టుబట్టాడు. చేతులు పట్టి మెల్లగా ఎక్కించి, డ్రైవరుతో, "గుంతలు చూసుకొని పోనియ్యి బిడ్డా. నెలలు నిండే మనిషి" అన్నాడు. లారీ వీధి మలుపు తిరిగిందాకా నిలబడి చూశాం.

మధ్యాహ్నం మేడం జీపు వచ్చింది. మిల్లు గేటు బార్లా తెరిచి ఉంది. షెడ్డులో పొయ్యిలో బూడిద, తాడు మీద మరచిపోయిన ఒక తువ్వాల.

"మంథని వైపు పోయిందా, మంచిర్యాల వైపు పోయిందా?" అని అడిగింది మేడం.

ప్రాణహిత అవతలికి పోవాలంటే మంథని వైపే తిరగాలి. మా వీధిలోంచి మెయిన్ రోడ్డు కనపడదు.

"చూడలె మేడం" అన్నాడు బాపు.

సాయంత్రం ఆమె తల్లి నా ఫోనుకు చేసింది. నిన్న మేమే చెప్పాం కదా, బిడ్డ వస్తుందని. "ఇంక రాలే. తొవ్వల ఉన్నరా?" అని అడిగింది. బాపు ఫోను తీసుకొని ఏదో చెప్పబోయి, నాకే తిరిగి ఇచ్చాడు.

వాళ్లు రాలేదు. సేటును పిలిచి అడిగితే, ఊరిదాకా తోలించాను, దిగి ఎటు పోయారో నాకేం తెలుసు అన్నాడు. డ్రైవరు కూడా అదే మాట. మేడం కేసు రాయించింది. ఇతర జిల్లాల ఆఫీసులకు కబురు పంపింది. నేను షాపులో కూర్చొని ఆమె చెప్పిన కాగితాలన్నీ టైపు చేసి పంపేదాన్ని. బాపు తన దోస్తుల్లో ఒకరి బండి వెనక కూర్చొని, ఎక్కడ కోతమిల్లు ఉందంటే అక్కడికి పోయేవాడు. నడుము నొప్పికి రాత్రుళ్లు మూలిగేవాడు. పొద్దున మళ్లీ పోయేవాడు. గేటు బయట నిలబడి లోపలికి చూసి, ఎవరైనా కనబడితే ముచ్చట కలిపేవాడు. కొన్నిచోట్ల తరిమేశారు. చౌరస్తాలో పాత దోస్తులతో టీ తాగడం మానేశాడు.

ఆ రోజుల్లో ఆయన ఒకసారి నాతో మాత్రమే అన్నాడు. "మేం బాయి మీద కూసున్నమంటే తెల్లారి గూడ అదే బాయికి పోయేది. ఆ మేనేజరు గూడ అక్కడికే వచ్చేది. మా పేర్లు మస్టర్ల ఉండె. యూనియన్ ఉండె. వీళ్లకేమున్నది? నేను గది ఆలోచించలే." నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. అంతే.

అమ్మ ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆమె కోసం చెప్పించేది. క్షేమంగా కాన్పు కావాలని. నెలలు లెక్కపెట్టుకోవడం మా ఇంట్లో ఎవరం పైకి చేయలేదు. అందరికీ తెలుసు.

వానలు బాగా పడ్డాక మేడం ఫోన్ చేసింది. దొరికారు. ఇంకో జిల్లాలో, అడవి అంచున, సేటు చుట్టాల మిల్లు అది. అందరూ ఉన్నారు. విడుదల కాగితాలు, వాంగ్మూలాలు పెద్దపల్లిలో రాస్తారు, మీరు కూడా రండి అంది. నేను, "ఆమె ఎట్లుంది మేడం?" అని అడిగాను. "రండి" అని మళ్లీ అంది.

ఆఫీసు వరండాలో వాళ్లంతా గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఆమె కొసన ఉంది. కొత్త చీరే, రంగు పోయింది. ఒళ్లో చేతులు తప్ప ఏమీ లేవు.

బాపు మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆమె తనే చెప్పింది, నన్ను చూడకుండా. అక్కడ గేటుకు తాళం వేసేవాళ్లు. నొప్పులు వచ్చాయి. ఆమె భర్త గేటు పట్టుకొని మొత్తుకున్నాడు. వాచ్‌మన్ మంచివాడే, కానీ తాళంచెవి అతని దగ్గర లేదు. తాళంచెవి ఉన్న మనిషి వచ్చేసరికి షెడ్డులోనే కాన్పు అయింది. ఆడపిల్ల. ఏడవలేదు. దవాఖానకు తీసుకుపోయారు, కానీ అప్పటికే ఆలస్యమైంది.

"మా ఆయన ఒక్కడే బొంద తీసిండు" అంది. "ఆ మిల్లు వెనకనే. గుర్తుకు ఒక దిమ్మ పాతిండు."

లోపలినుంచి మేడం ఒక్కొక్కరినే పిలుస్తోంది. కాగితాల మీద వేలిముద్రలు, సంతకాలు. విడుదల పత్రం అంటారు దాన్ని. ఇకపై ఆ అడ్వాన్సు వాళ్లను ఎవరూ అడగకూడదని, వాళ్లు ఎక్కడికైనా వెళ్లవచ్చని అందులో ఉంటుంది. నేను ఆమెకు చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "ఇది ముందే ఉంటే" అంది. 

బాపు చివరికి మెట్లెక్కి వచ్చాడు. ఆమె ముందు నేలమీద కూర్చోవడానికి ఆయనకు గోడ పట్టుకోవలసి వచ్చింది.

"బిడ్డా" అన్నాడు. "నన్ను తిట్టు."

"ఎందుకు కాకా?"

"లారీ నేనే ఎక్కిస్తి."

ఆమె కొంచెంసేపు ఆయన చేతుల వైపు చూసింది. "ఆ దినం రంపం ఆగింది చూడు కాకా. దినమంత చప్పుడు లేకుండె. గప్పుడే నాకు పిల్ల కదులుడు మంచిగ తెలిసింది. అంతకుముందు రంపం అదురా, పిల్ల కదులుడా తెలవకపోయేది."

బాపు మొహం తుండుగుడ్డతో కప్పుకున్నాడు. వరండాలో అందరూ చూస్తున్నా ఏడ్చాడు. నా జీవితంలో ఆయన ఏడవడం అదే మొదటిసారి చూశాను. ఆమె ఆయనను ఆపలేదు. తను మాత్రం ఏడవలేదు.

పనులయ్యేసరికి సాయంత్రమైంది. మిగిలినవాళ్లను ఆఫీసు బండిలో పంపుతున్నారు. ఆమె, ఆమె భర్త మాత్రం ఆ బండి ఎక్కబోమన్నారు. ఇంక ఎవరు పంపే బండీ వద్దని, బస్సులోనే పోతామని పట్టుబట్టారు. మేడం ఒప్పుకొని తన మనిషిని వెంట పంపింది. బస్టాండుకు మేమూ వెళ్లాం. బాపు సీటు పట్టడానికి అందరికంటే ముందు ఎక్కి, తువ్వాల వేసి, వాళ్లను కూర్చోబెట్టాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏదైనా చెప్పాలని ఉంది. మీ ఊరికి వస్తాను, రెండు నదులు చూస్తాను అని చెప్పాలని ఉంది. ఎవరిని చూడటానికి రమ్మని పిలిచిందో గుర్తొచ్చి ఆ మాట మానుకున్నాను.

కండక్టరు వచ్చాడు. ఆమె జాకెట్లోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. మధ్యాహ్నమే చేతికి వచ్చింది అది. కండక్టరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది అవతలి రాష్ట్రం కార్డమ్మా. ఆడవాళ్ల ఫ్రీ జీరో టికెట్ రాదు. ఇద్దరా?"

"ఇద్దరం" అన్నాడు ఆమె భర్త.

"చిన్న పిల్లలు ఎవరన్న ఉన్నరా?"

రద్దీలో కండక్టరు అందరినీ అడిగే మాటే అది. టికెట్ మిషన్ మీద వేలు పెట్టి జవాబు కోసం చూస్తున్నాడు. భర్త ఆమె వైపు తిరిగాడు. ఆమె కార్డు మళ్లీ లోపల పెట్టుకొని, కిటికీ అంచు పట్టుకుంది.

"లేరు" అంది.

కండక్టరు టికెట్లు కొట్టి ఇచ్చి, ముందుకు జరగండి జరగండి అంటూ వెళ్లిపోయాడు. బస్సు కదిలింది. బాపు దిగడానికి ఆలస్యమైతే డ్రైవరు ఒకసారి బ్రేకు వేసి, "దిగు పెద్దమనిషీ, జల్ది" అని కసురుకున్నాడు. బాపు దిగాడు. మంథని రోడ్డు వైపు బస్సు తిరిగిందాకా, తిరిగిన తర్వాత కూడా, అక్కడే నిలబడి చూశాడు.